యాంటీబయాటిక్స్ జాగ్రత్తగా వాడమని చేసే ప్రచారాల వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది, కానీ పోస్టర్లు ఒక్కటే సరిపోవు. జలుబు, ఫ్లూ వైరస్‌ల వల్ల వస్తాయి కాబట్టి వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదని తెలిసినవాళ్లు కూడా, ఒంట్లో బాగోకపోతే టెన్షన్ పడి "ఏదైనా స్ట్రాంగ్ మందు రాయండి డాక్టర్" అనేస్తారు. అందుకే మందు రాసే చేతిని మార్చే ప్రయత్నాలే నాకు ఎక్కువ పనికొచ్చేవిగా కనిపిస్తాయి.

2014లో ఇంగ్లండ్‌లో, యాంటీబయాటిక్స్ ఎక్కువగా రాసే క్లినిక్‌లలో కొన్నింటి డాక్టర్లకు ప్రభుత్వ ముఖ్య వైద్యాధికారి పేరుతో ఒక ఉత్తరం వెళ్లింది. మీ ప్రాంతంలోని 80 శాతం క్లినిక్‌ల కంటే మీరు ఎక్కువ రాస్తున్నారన్నది అందులోని ముఖ్య విషయం. జరిమానా లేదు, బెదిరింపూ లేదు. అయినా తర్వాతి ఆరు నెలల్లో, అంతే ఎక్కువగా రాస్తూ ఉత్తరం అందని క్లినిక్‌లతో పోలిస్తే వీళ్లు రాసినవి సుమారు 3 శాతం తక్కువ. ఒక్క ఉత్తరానికి అది తక్కువేం కాదు!

ఇంకో పద్ధతి, చీటీ రాసిచ్చి "కొన్ని రోజుల్లో తగ్గకపోతేనే కొనండి" అని చెప్పడం. చాలామందికి కొనాల్సిన అవసరమే రాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఈ మందులను మూడు గుంపులు చేసింది: ముందుగా వాడదగినవి, ఆచితూచి వాడాల్సినవి, వేరే దారి లేనప్పుడే బయటికి తీయాల్సినవి. 2030 నాటికి మనుషులకు వాడేవాటిలో కనీసం 70 శాతం మొదటి గుంపువే ఉండాలని 2024లో ఐక్యరాజ్యసమితిలో దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి.

పశువుల సంగతి వేరే పెద్ద కథ. వాటిని త్వరగా పెంచడానికి దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006లోనే నిషేధించింది.