పగడానికి పురుగు పట్టిందా, పడిందా, చేరిందా?

సందేహం: విశాఖపట్నంలో మా ఇంట్లో ఉప్పునీళ్ల అక్వేరియం ఉంది, అందులో పగడాలు పెంచుతున్నాను. కొత్తగా కొన్న పగడంతో పాటు ఫ్లాట్‌వర్మ్‌లు వచ్చాయి. తుప్పురంగువి గాజు నిండా పాకాయి. ఒక కొమ్మ పగడం మీద మరో రకం కనిపించింది. వాటిని ఎలా వదిలించుకున్నానో ‘పురుగు వదిలింది’ అనే శీర్షికతో తెలుగులో రాస్తూ నాలుగు చోట్ల ఆగిపోయాను, ఆ రాతా పంపుతున్నాను. వీటిని ‘బద్దెపురుగులు’ అనవచ్చా? పురుగు ‘పట్టింది’ అనాలా, ‘పడింది’ అనాలా? ‘పురుగుమందు వేశాను’ అని రాస్తే మా బావమరిది “చేలో కొట్టేదా?” అన్నాడు. అంతకన్నా మంచి మాట ఉందా? కొత్త పగడాన్ని తొట్టిలో పెట్టేముందు మందునీళ్లలో ముంచే ‘డిప్’కి తెలుగులో ఏమనాలి?

సమాధానం: ‘బద్దెపురుగు’ వద్దండి. బద్ద అంటే చీల్చిన పలుచని ముక్క. వెదురు బద్ద, ఆవకాయలో మామిడి బద్ద అలా వచ్చినవే. పేగుల్లో పట్టీలా సాగే పురుగుకు ఆ పేరు ఎప్పుడో స్థిరపడిపోయింది. మీరూ అదే మాట వాడితే చదివినవాడు మీ తొట్టిని వదిలేసి తన పొట్ట పట్టుకుంటాడు. పాఠ్యపుస్తకాల్లో ‘బల్లపరుపు పురుగులు’ అనే మాట ఉంది. బద్దెపురుగు ఆ జాతిలో ఒకటి మాత్రమే. మీరు ‘బల్లపరుపు పురుగు’ అనే రాయండి. నోటికి బరువనిపిస్తే ‘చదును పురుగు’ అన్నా అర్థమవుతుంది.

గాజు మీద పాకే తుప్పురంగు రకాన్ని శాస్త్రజ్ఞులు ఇప్పుడు ఆ జాతిలోంచి తీసి వేరే చోట పెట్టారు. అయినా పేరు మార్చనక్కర్లేదు. వానపాము పాము కాదు, పేగుల్లో ఉండే ఏలికపామూ పాము కాదు. మనవాళ్లు ఆకారం చూసి పేరు పెట్టారు.

ఇక అసలు విషయం క్రియ. ‘పట్టు, పడు, చేరు’ మూడింటినీ మనం తెలియకుండానే వేరువేరుగా వాడతాం. ‘పట్టు’ ముందు సాధారణంగా ‘కి, కు’ వస్తాయి: వంకాయకు పురుగు పట్టింది, తలుపుకు చెద పట్టింది. పట్టినది ఆ వస్తువును తింటూ పాడు చేస్తోందని అర్థం. (‘బియ్యం పురుగు పట్టాయి’ అని ఆ ‘కు’ లేకుండానూ అంటాం, అదీ తప్పు కాదు.) ‘పడు’ ముందు ‘లో’ వస్తుంది: పచ్చడిలో పురుగు పడింది, పుండులో పురుగులు పడ్డాయి. అక్కడ కుళ్లో, అశుభ్రతో ఉందన్న ధ్వని దానికి ఉంది. తిట్టు కూడా ‘పురుగులు పడి’ అనే మొదలవుతుంది కదా. బయటినుంచి వచ్చి మకాం పెడితే ‘చేరింది’ అంటాం.

మీ తొట్టిలో రెండు రకాలున్నాయి కాబట్టి రెండు క్రియలు కావాలి. తుప్పురంగువి బియ్యపు గింజకన్నా చిన్నవి, తోక దగ్గర మూడు మొనలుంటాయి. అవి పగడాన్ని తినవు. వాటి ఒంట్లోనే నాచు ఉంటుంది, వెలుతురు బాగుంటే త్వరగా పెరిగిపోతాయి. మరీ ఎక్కువైతే పగడం మీద పరుచుకుని దానికి వెలుతురు అందకుండా చేస్తాయి. వీటికి ‘తొట్టిలో చేరాయి, పగడాన్ని కమ్మేశాయి’ సరిపోతుంది. కొమ్మ పగడం మీదిది దాని కండనే తింటుంది, తిన్నచోట తెల్లటి గుండ్రటి మచ్చలు పడతాయి. రంగు కూడా పగడంలో కలిసిపోతుంది కాబట్టి పురుగుకన్నా ముందు మచ్చే కంటికి కనబడుతుంది. దానికి ‘పగడానికి పురుగు పట్టింది’ అని ధైర్యంగా రాయండి. నవరత్నాల్లో ఒకటైన పగడానికి పురుగేమిటని ఎవరైనా నవ్వితే, తొట్టిలోది ప్రాణమున్న జీవి అని చెప్పండి.

మందు మాటకొస్తే మీ బావమరిది అనుమానం న్యాయమైనదే. ఎలుకల మందు అంటే ఎలుకకు జ్వరమొస్తే వేసేది కాదు, దగ్గు మందు దగ్గును పెంచేదీ కాదు. హైదరాబాద్‌లో మృగశిర కార్తెకు ఇచ్చే చేపమందు చేపను చంపదు, బాగూ చేయదు. కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి ఉబ్బసం ఉన్న మనిషి చేత మింగిస్తారు. మందు ముందు ఏ పేరు తగిలించినా ఏం చేస్తుందో ఊహించుకోవాల్సిందే. ‘పురుగుమందు’ మాత్రం చేలో కొట్టేదానికే ఖాయమైపోయింది. ఎవరైనా అక్షరాలా నమ్మి అది తొట్టిలో పోస్తే ముందు రొయ్యలు పోతాయి. ‘చేపల మందు’ అనీ రాయకండి. చేపల జబ్బులకు వాడే వాటిలో రాగి ఉన్నవి ఉంటాయి, పగడాలు దాన్ని తట్టుకోలేవు. ‘బల్లపరుపు పురుగుల మీద పనిచేసే అక్వేరియం మందు’ అని పొడుగ్గానే రాయండి. పొదుపు కోసం ప్రాణాలు తీయక్కర్లేదు.

మీ రాతలో ‘మందు వేసి, పురుగులను తీసేసి’ అని ఉంది. తెలుగులో ‘వేసి, తీసి’ అంటే ఆ వరసలోనే చేశారని అర్థం. ఇక్కడ వరస తిరగబడాలి. ఆ తుప్పురంగు పురుగులు చస్తూ విషం వదులుతాయి, ఒక్కసారి వేలకొద్దీ చస్తే చేపలూ పోతాయి. కాబట్టి ‘గొట్టంతో వీలైనన్ని లాగేసి, నీటిలోని మందును పీల్చేసే యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు) బయటికి తీసి, మందు వేసి, చచ్చినవాటిని మళ్లీ లాగేసి, కార్బన్ తిరిగి పెట్టి, కొంత నీరు మార్చి’ అని రాయండి. వాక్యం పొడవైతే కానివ్వండి.

‘డిప్’కి మీరు వెతికిన మాట రైతుల దగ్గరే ఉంది. నారు వేర్లను మందునీళ్లలో ముంచి నాటుతారు కదా, కొత్త పగడాన్నీ ‘ముంచి తీసి’ తొట్టిలో పెట్టాలి. కాకపోతే కొమ్మ పగడాన్ని తినే పురుగు గుడ్లకు ఆ మందు అంటదు. అవి పగడం మొదలు దగ్గర, చచ్చిన భాగం మీద అంటుకుని ఉంటాయి, వాటిని గీకి తీయాలి. కొన్నాళ్ల తేడాతో మళ్లీ మళ్లీ ముంచాలి. అందాకా మీ శీర్షికలో ‘పురుగు వదిలింది’ అన్నదాన్ని ‘వదులుతోంది’ అని మార్చండి.