డిప్రెషన్‌కు గోలీలా, ధ్యానమా? నా అనుభవం

"మా అన్న ఆరు నెలలుగా సరిగా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఒకరు గోలీలు వాడమంటున్నారు, ఒకరు ధ్యానం చాలంటున్నారు, ఇంకొకరు పెళ్లి చేస్తే కుదుటపడతాడంటున్నారు. అన్నీ కలిపి చూసే వైద్యం ఏదైనా ఉందా?" అని అడిగారు మీరు.

ఉంది. నేను డాక్టర్‌ని కాదు. నల్లగొండ జిల్లాలో బోరు మోటర్ల వైండింగ్ షాపు నడుపుకుంటాను. 2021లో ఈ జబ్బు నాకే వచ్చింది, దాదాపు రెండేళ్లు దాంతో కాపురం చేశాను, కాబట్టి తెలిసింది చెప్తాను. పెళ్లి మాట మాత్రం ముందే పక్కన పెట్టండి. మనవాడికి బాగాలేదని ఇంకో ఇంటి ఆడపిల్లను తెచ్చి మందుగా వాడడం అన్యాయం.

నాకు బాధగా ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. ఏడుపు కూడా రాలేదు. ఆ మే నెలలో నాయిన కరోనాతో పోయాడు, అంత్యక్రియలకు పదిమంది కూడా లేరు, అప్పుడు కూడా రాలేదు. నాకు వచ్చినవి ఒంటి నొప్పులు, తల బరువు, రాత్రి మూడింటికి ఠంచనుగా మెలకువ. సబ్‌మర్సిబుల్ మోటర్ వైండింగ్ అంటే స్టేటర్ గాడుల్లోంచి తీగను చేత్తో గుచ్చి లాగుతూ చుట్లు లెక్కపెట్టాలి. పద్దెనిమిదేళ్లుగా అదే పని. పక్కవాడితో రాజకీయాలు మాట్లాడుతూ కూడా లెక్క తప్పేవాణ్ణి కాదు. ఆ జూలైలో ఒకరోజు ఇరవై మూడో చుట్టో ఇరవై నాలుగో చుట్టో తేలలేదు. విప్పి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ తప్పింది. మూడోసారి తీగ కత్తిరించి పక్కన పడేసి, షట్టర్ సగం దించుకుని లోపల కూర్చున్నాను. నాట్ల సీజన్. రైతులు ఫోన్ల మీద ఫోన్లు. ఒక్కటీ ఎత్తలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు మేం తిరగని చోటు లేదు. ఊళ్లో ఆర్ఎంపీ నీరసమని సెలైన్ ఎక్కించాడు, బీ కాంప్లెక్స్ సూదులు వేశాడు. టౌన్లో ఒక డాక్టర్ నిద్రకు ఆల్ప్రాజోలం రాశాడు. ఆ గోలీ వేసుకుంటే నిద్ర పట్టేది, అందుకని చీటీ లేకుండానే కొనుక్కుంటూ మూడు నెలలు మింగాను. ఒకటి సరిపోక రెండయ్యాయి. మా అమ్మ అమావాస్యకు చెరువుగట్టు శివుడి గుడికి తీసుకెళ్లి గుట్ట మీద నిద్ర చేయించింది. నవ్వకండి. నాయిన పోయాక నేను అమ్మతో నాలుగు మాటలు మాట్లాడింది ఆ రాత్రే. చుట్టూ అంతమంది దుప్పట్లు కప్పుకుని పడుకుని ఉంటే, "ఆక్సిజన్ సిలిండర్ కోసం ఇంకో గంట ముందు పోతే నాయిన బతికేటోడే" అని నోరు తెరిచి చెప్పాను. జబ్బు తగ్గలేదు, కానీ లోపల ఏముందో అమ్మకు తెలిసింది.

చివరికి ఫార్మసీ చదువుతున్న మేనల్లుడు జిల్లా ప్రభుత్వ ఆస్పత్రి మానసిక విభాగానికి లాక్కెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ తొమ్మిది ప్రశ్నల కాగితం తీసింది. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఓపిక, ధ్యాస ఎలా ఉన్నాయి, పనుల మీద ఆసక్తి ఉందా, బతకడం దండగ అనిపించిందా, ఇలాంటివి. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. నాకు 19 వచ్చాయి. పదో తరగతిలో లెక్కల్లో కూడా అంత శాతం రాలేదు నాకు. "విచారంగా ఉంటుందా?" అంటే మాత్రం లేదన్నాను. పక్కనే ఉన్న అమ్మ, "మనాది పెట్టుకున్నడు మేడం, లోపల్లోపల కుములుతుండు" అంది. డాక్టరమ్మ ఆ మాటను చీటీ మీద తెలుగులో 'మనాది' అనే రాసుకుంది. మన పెద్దవాళ్లు 'ఆధివ్యాధులు' అని ఒకే మాటగా అంటారు కదా. ఆధి అంటే మనసుకు వచ్చేది, వ్యాధి అంటే ఒంటికి వచ్చేది. రెంటినీ విడదీసి ఒక్కోదానికి ఒక్కో చోటికి తిరిగింది మేమే.

ఆమె మందు రాసేముందు రక్తపరీక్షలు రాసింది: థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, బీ12. థైరాయిడ్ తక్కువగా పనిచేసినా, రక్తం తక్కువున్నా, బీ12 లోపించినా మనిషి అచ్చం ఇలాగే మందగిస్తాడట. నాకు థైరాయిడ్ బాగానే ఉంది, బీ12 బాగా తక్కువ. దానికి వేరే మందు పడింది. మా జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు మనుషులకు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో ఏళ్ల తరబడి కీళ్ల నొప్పులుంటాయి. ఎడతెగని నొప్పి కూడా మనిషిని ఇందులోకి దింపుతుంది. కాబట్టి మీ అన్నకు ఒంట్లో ఏ నొప్పి ఉన్నా చిన్నదని దాచొద్దని చెప్పండి. ఇంకొక ప్రశ్న కూడా అడిగింది: ఎప్పుడైనా దీనికి పూర్తిగా రివర్స్‌లో, నిద్ర లేకపోయినా హుషారుగా, అతిగా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టిన రోజులున్నాయా అని. ఉంటే అది బైపోలార్ కావచ్చు, అప్పుడు డిప్రెషన్ గోలీ ఒక్కటే ఇస్తే మనిషి అటువైపు ఎగిరిపోవచ్చు.

తర్వాత తాగుడు సంగతి. నాకు లేదు. కానీ ఇది పాలమూరు వైపు వాళ్లు కూడా చదువుతారు కాబట్టి మా బామ్మర్ది గురించి చెప్పాలి. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట ముంబై పోయి వచ్చేవాడు. ఇంటికొచ్చాక నిద్ర పట్టక కల్లుకు అలవాటు పడ్డాడు. మంచి చెట్టు కల్లు అయితే ఒక సంగతి. కొన్ని దుకాణాల్లో మత్తు కోసం కలిపేది నేను మింగిన ఆ ఆల్ప్రాజోలమే. దుకాణం మూసేసిన మూడో రోజు అతనికి ఫిట్స్ వచ్చాయి, గోడతో మాట్లాడాడు. ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందనుకున్నారు. ఆ మత్తు శరీరానికి అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపితే అలాగే అవుతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది. మీ అన్న కల్లు, మద్యం, నిద్రగోలీ ఏది తీసుకుంటున్నా డాక్టర్‌కు ముందే చెప్పండి. వాళ్లు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. నాకూ అలాగే ఆరు వారాల్లో మాన్పించారు.

డిప్రెషన్ గోలీ వేరు, నిద్రగోలీ వేరు. ఈ తేడా తెలియకే మన దగ్గర సగం మంది భయపడతారు. నాకు రాసింది ఎస్సిటలోప్రామ్, మొదట 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. దీనికి మత్తు ఉండదు, రోజురోజుకీ ఎక్కువ కావాలనిపించదు. పదిరోజులు కడుపులో తిప్పింది, నోరు ఎండింది, గుణం మాత్రం కనిపించలేదు. రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుందని ముందే చెప్పారు కాబట్టి ఆగాను. నాలుగో వారంలో ఒక పొద్దున షాపు తీస్తే వార్నిష్ వాసన వచ్చింది. అది రోజూ ఉండేదే. కానీ నాకు నెలల తర్వాత ముక్కుకు తగిలింది.

బాగైంది కదా అని ఏప్రిల్‌లో నేనే ఆపేశాను. రెండు రోజుల్లో తల తిప్పితే లోపల చురుక్కున కరెంట్ కొట్టినట్టు. మోటర్ల పని చేసేవాణ్ణి, కరెంట్ షాక్ అంటే ఏంటో నాకు తెలుసు, ఇంచుమించు అదే. అది తగ్గింది కానీ జూన్‌కల్లా జబ్బు మళ్లీ వచ్చి కూర్చుంది. పూర్తిగా నయమయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలట, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలట. మొదటి రోజే చెప్పారు, నేనే చెవిన పెట్టలేదు.

ఇక మీరడిగిన 'అన్నీ కలిపి' అనే దానికి వస్తాను. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ "అప్పులున్నాయా?" అంది. ఉన్నాయన్నాను. "ఎంత?" అంటే చెప్పలేకపోయాను, ఎందుకంటే నేనే ఎప్పుడూ కూడలేదు. నాయిన ఆస్పత్రి ఖర్చు, రెండు చిట్టీలు ముందే ఎత్తుకున్నవి, ఒకరి దగ్గర మూడు రూపాయల వడ్డీ. "మీ ఇంటామెకు తెలుసా?" అంది. తెలియదు. "గోలీ మీ అప్పు తీర్చదు. కానీ కాగితం తీసి కూర్చునే ఓపిక ఇస్తుంది. అది వచ్చినప్పుడు కూర్చోకపోతే మీరు మళ్లీ ఇక్కడికే వస్తారు" అంది. ఇది నా పనిలో నాకు తెలిసిన సంగతే. కాలిన మోటర్‌కు నేను ఎంత బాగా చుట్టిచ్చినా, బోరులో నీళ్లు లేకుండా నడిపినా, లో వోల్టేజ్ అలాగే ఉన్నా నెలకు మళ్లీ నా షాపుకే వస్తుంది. మనిషికి మెగ్గర్ (మోటర్‌లో కరెంట్ లీకు చూసే మీటర్) పెట్టి ఎక్కడ లీకుందో చూసే వీలు లేదు, అంతే తేడా.

ఒక ఆదివారం బావను పిలిచి, నా భార్య ముందు అన్నీ రాశాను. 4 లక్షల 60 వేలు. నేను పది లక్షలనుకుంటూ ఏడాది నుంచి చస్తున్నాను. ఆమె తిట్టింది, గట్టిగానే తిట్టింది, తర్వాత మూడు రూపాయల వడ్డీది ముందు తీర్చేద్దామని గొలుసు తీసి కుదువ పెట్టింది. ఆ రాత్రి మూడింటికి మెలకువ రాలేదు.

కౌన్సెలింగ్ అంటే నాకు మంచిమాటలు చెప్పి పంపిస్తారని ఉండేది. అలా కాదు. నోట్‌బుక్ తెమ్మన్నారు. మనసు బాగైతే పని చేద్దామని ఆగొద్దు, చిన్న పని పెట్టుకుని మనసున్నా లేకున్నా చెయ్యమన్నారు. పొద్దున చెరువుకట్ట దాకా నడక. రోజుకు ఒక్క మోటర్, అంతకు మించి ఒప్పుకోవద్దు. సాయంత్రం హోటల్లో నలుగురి మధ్య టీ. ప్రతిదాని పక్కన ఎలా అనిపించిందో రాయాలి. సిలిండర్ సంగతి కూడా అక్కడే విప్పించారు: ఆ రోజు ఎన్ని చోట్లకు ఫోన్ చేశాను, ఎక్కడెక్కడ లేదన్నారు, గంట ముందు పోతే దొరికేదని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పుకున్నాను. ఏడుపు అప్పుడు వచ్చింది.

ఇందులో పెద్ద చదువు అవసరం లేని భాగం కూడా ఉంది. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో బస్తీ అవ్వలకు శిక్షణ ఇచ్చి, దవాఖాన బయట బెంచీ మీద కూర్చోబెట్టి జనంతో మాట్లాడించడం మొదలుపెట్టాడు. అక్కడివాళ్లు ఈ జబ్బును 'కుఫుంగిసిసా' అంటారు, అతిగా ఆలోచించడం అని అర్థం. మనవాళ్లు "ఆలోచన ఎక్కువైంది" అంటారే, అదే. శరీరం, మనసు, చుట్టూ ఉన్న బతుకు మూడూ కలిపి చూడాలని జార్జ్ ఎంగెల్ అనే అమెరికా వైద్యుడు 1977లోనే రాశాడు. దాన్ని బయోసైకోసోషల్ అంటారు. పేరు నోరు తిరగదు కానీ నా వైద్యం నడిచింది అలాగే.

ధ్యానం గురించి నా అభిప్రాయం అందరికీ నచ్చదు. జబ్బు ముదిరి ఉన్నప్పుడు కళ్లు మూసుకుని కూర్చుంటే నాకు నాయిన ముఖం, వడ్డీ లెక్కలే తిరిగేవి. ఇంకా పాడయ్యాను. కాస్త తేరుకున్నాక ప్రాణాయామం, నడక బాగా పనికొచ్చాయి, ఇప్పటికీ వదల్లేదు. తక్కువ స్థాయిలో ఉన్నవాళ్లకు వ్యాయామం, కౌన్సెలింగ్‌తోనే నయం కావచ్చు. మంచం దిగలేని మనిషికి సూర్యనమస్కారాలు చెయ్యమనడం మాత్రం, కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమన్నట్టే. తిండి విషయంలో పెద్ద రహస్యం లేదు, వేళకు తినాలి.

ఒకటి మాత్రం ఈ రోజే చెయ్యండి. మీ అన్నను సూటిగా అడగండి, "చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అని. అడిగితే లేని ఆలోచన వస్తుందని భయపడతారు, రాదు. నన్ను అడిగింది నా భార్య. అవునన్నాను. ఆమె మారు మాట్లాడకుండా ఇంట్లో ఉన్న పురుగుల మందు మొత్తం సంచిలో వేసుకుని బావ ఇంటికి పంపించింది. గోలీల డబ్బా కూడా తన దగ్గరే పెట్టుకుంది. మీ ఇంట్లో కూడా అవి ఇల్లు దాటాలి. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. రాత్రయితే 14416కి చెయ్యండి. టెలిమానస్ అంటారు, 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఫ్రీ, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు. పూర్తిగా తిండి మానేసినా, లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా కూడా ఆలస్యం వద్దు. అలాంటి వాళ్లకు కరెంట్ చికిత్స (తలకు కొద్దిగా కరెంట్ ఇచ్చే ఈసీటీ) చేద్దామంటే భయపడకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం దాన్ని మత్తు ఇచ్చాకే చెయ్యాలి.

హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి దాకా పోవాలనేం లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ఇప్పుడు మెడికల్ కాలేజీలున్నాయి, వాటి ఆస్పత్రుల్లో అడగండి. వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న గోలీల అట్టలు అన్నీ పట్టుకెళ్లండి. అన్నను ఒక్కడినే పంపించొద్దు, అన్నీ బాగానే ఉన్నాయని చెప్పి వచ్చేస్తాడు, నేనూ మొదట అలాగే వచ్చాను. ఓపీ పొద్దున పూటే ఉంటుంది, లైను పెద్దది, తొమ్మిదికల్లా అక్కడుండేలా బయల్దేరండి.