అమ్మాయి బడి ఎందుకు మానదంటే

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి బీఎస్సీ, బీఈడీ చేసి మూడేళ్లుగా విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. బస్సు ఛార్జీలు పోను మిగిలేది అంతంతమాత్రం. రాత్రి పదింటిదాకా పేపర్లు దిద్దుతుంది. బ్యాంకు కోచింగ్‌లో చేరమంటే వినదు. ఎలా నచ్చజెప్పాలి? – ఒక తండ్రి

జవాబు: నచ్చజెప్పే ముందు ఒక్కటి అడగండి, విసుగు పాఠం మీదా, పాఠం చుట్టూ ఉన్న చాకిరీ మీదా అని.

నేనూ ఆరేళ్లు బెజవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. మే నెల మిట్టమధ్యాహ్నం కరపత్రాలు పట్టుకుని అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పాలా! టార్గెట్ కాకపోతే జీతం ఆగేది. అయినా జూన్‌లో మళ్లీ వెళ్లేవాణ్ని.

ఎందుకంటే, ఏడో తరగతిలో ఋణసంఖ్యలు. మైనస్ మూడు తీసేస్తే మూడు కలిపినట్టు ఎలా అవుతుందో వారం చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. ఆఖరి బెంచీలో కూరగాయల బండి ఆయన కొడుకు లేచి, "అప్పు కొట్టేస్తే డబ్బులొచ్చినట్టే కదా సార్" అన్నాడు. క్లాసంతా "ఆఁ" అంది. ఆ తర్వాత ఏటా ఆ మాట నా సొంత తెలివిలాగే చెప్పుకున్నాను. చివరికి మానేసింది జీతం ఆగినందుకే, పాఠం మీద విరక్తితో కాదు.

అలాగని ఇష్టం ఉంది కదా, సర్దుకుపొమ్మని నేననను. కొన్ని యాజమాన్యాలు బతికేదే ఆ సర్దుబాటు మీద. డీఎస్సీకి, అంటే సర్కారు టీచర్ల నియామక పరీక్షకు, చదవమనండి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2025లోనే, 16,347 పోస్టులకు. కాబట్టి ఉద్యోగం మానేసి నోటిఫికేషన్ కోసం కూర్చోవద్దు. టీచర్ల అర్హత పరీక్ష టెట్ మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ ఉంటుంది, తక్కువ వస్తే మళ్లీ రాయొచ్చు. బీఈడీ వాళ్లకు ప్రాథమిక తరగతులు చెప్పే అర్హత లేదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకని ప్రాథమిక తరగతుల టీచరు పోస్టు ఎస్జీటీ వదిలేసి, హైస్కూల్లో లెక్కలు చెప్పే స్కూల్ అసిస్టెంట్ పోస్టే చూసుకోవాలి. కేంద్రం పెట్టే టెట్, అదే సీటెట్, కూడా రాస్తే కేంద్రీయ విద్యాలయాలకు పనికొస్తుంది. సర్కారు బళ్లోనూ ఓటర్ల జాబితాలు, జనగణన తప్పవు, కానీ జీతం స్కేలు ప్రకారం ఉంటుంది.

ఈలోగా గుంటూరులోనే స్కూలు చూస్తే ప్రయాణం మిగులుతుంది. డెమో క్లాసు రోజే వేసవి డ్యూటీ ఉందా, సెలవుల జీతం ఇస్తారా అని అడగమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే పెట్టుకుంటామంటే ఇవ్వొద్దు. జిరాక్సులు చాలు.