వేట రైఫిల్‌కి ఏ స్లింగ్ కొనాలి?

సందేహం: అన్నా, గ్రీన్ కార్డు వచ్చి కొన్ని నెలలైంది. డల్లాస్‌లో ఉంటున్నాను. ఆఫీసులో వాళ్ళతో ఈ నవంబర్‌లో డీర్ హంటింగ్‌కి వెళ్దామనుకుంటున్నాను. .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొన్నాను. స్లింగ్ కొందామని చూస్తే సింగిల్ పాయింట్, టూ పాయింట్, త్రీ పాయింట్ అని ఏవేవో ఉన్నాయి. ధరలు 15 డాలర్ల నుంచి 150 దాకా ఉన్నాయి. ఏది తీసుకోమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను. స్లింగ్ అంటే రైఫిల్‌ని భుజానికి తగిలించుకునే పట్టీ. అందులో మామూలు టూ పాయింట్ రకం, అంటే రైఫిల్‌కి ముందొక చోట, వెనకొక చోట తగిలించేది తీసుకో. భుజం మీద ఆనే చోట జారకుండా రబ్బరు పట్టు ఉండాలి. 30, 40 డాలర్లలో మంచిదే దొరుకుతుంది, అంతకు మించి ఒక్క డాలర్ కూడా పెట్టొద్దు. ఈ మాట ఆ రోజుల్లో నాకు చెప్పేవాళ్ళు లేక కొన్ని వందల డాలర్లు పోగొట్టుకున్నాను. అవి ఎలా పోయాయో వింటే నీవి నిలుస్తాయి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆ విషయంలో నీకు బెంగ లేదు. ఇది చదివే మిగతా పిల్లలు మాత్రం గుర్తుపెట్టుకోండి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడానికి కూడా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉంది. మిగతా వివరాలు టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ దగ్గరా, మీ ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరా కనుక్కోండి.

నా మొదటి రైఫిల్ సెకండ్ హ్యాండ్‌ది, వాల్‌నట్ చెక్క స్టాక్ (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం). దాన్ని బేరమాడి తక్కువకే కొన్నాను. తర్వాత ఫోటోల్లో సైనికుల ఛాతీ మీద వేలాడే రకం స్లింగ్ చూసి 60 డాలర్లు పెట్టి తెప్పించాను. పెట్టె విప్పితే దాని రెండు చివరలా పుష్ బటన్ స్వివెల్స్ (పట్టీని రైఫిల్‌కి తగిలించే కొక్కేలు) ఉన్నాయి. అవి పట్టాలంటే స్టాక్‌లో గుండ్రటి సాకెట్ ఉండాలి. నా రైఫిల్‌కి ఉన్నవి స్టడ్లు. స్టాక్ అడుగున ముందొకటి, వెనకొకటి పొడుచుకొచ్చిన చిన్న ఇనుప బొడిపెలు, వాటికి అడ్డంగా ఒక బెజ్జం. వేటకని అమ్మే బోల్ట్ యాక్షన్ రైఫిళ్ళలో చాలావాటికి ఇవే ఉంటాయి. నాకు ఆ తేడా తెలియదు. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి పట్టుకెళ్తే, స్టాక్‌కి బెజ్జాలు వేసి సాకెట్లు బిగించడానికి స్లింగ్ ఖరీదు కంటే ఎక్కువ అడిగాడు. ఇచ్చేశాను. స్టడ్‌కి తగిలించుకునే చిన్న అడాప్టర్ ఒకటి దొరుకుతుందనీ, దాంతో పని జరిగిపోయేదనీ తర్వాత తెలిసింది. మంచి వాల్‌నట్ చెక్కకి అనవసరంగా బెజ్జాలు పడ్డాయి.

అక్కడితో అయిపోయిందా? ఆ స్లింగ్ నున్నటి నైలాన్. టెక్సస్‌లోనే ల్యానో ఊరి దగ్గర లీజుకి తీసుకున్న స్థలంలో, ఇంకా తెల్లవారకముందు ట్రక్కు దిగి బ్లైండ్ (జింకకి కనబడకుండా కూర్చునే గూడు) వైపు నడుస్తున్నాం. చలికి వేసుకున్న జాకెట్టు కూడా నున్నటిదే. మెస్కీట్ కొమ్మ తప్పించుకుందామని కాస్త వంగాను. స్లింగ్ భుజం మీద కండువా జారినట్టు జారింది, రైఫిల్ వెళ్ళి, గురి చూసే దుర్భిణి ఉంది చూడు, ఆ స్కోప్ మీదుగా రాతి మీద పడింది. బ్లైండ్‌లో కూర్చున్నాకే తూటాలు ఎక్కించే అలవాటు కాబట్టి ప్రాణాపాయం లేదు. కానీ స్కోప్ జీరో చెడిపోయింది, అంటే గురి పెట్టిన చోట తూటా తగలదు. రేంజ్‌కి తీసుకెళ్ళి 100 గజాల టార్గెట్ మీద మళ్ళీ సరిచేద్దామంటే దెబ్బ ఒకచోట నిలవలేదు. తూటాల ఖర్చు, రేంజ్ ఫీజు, చివరికి కొత్త స్కోప్. ఆ నెలలోనే అమ్మ కంటి ఆపరేషన్‌కి ఇంటికి డబ్బు పంపాలి. అన్నీ రూపాయల్లోకి మార్చి లెక్క వేసుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు దేవుడి దయవల్ల ఇంటి అప్పు తీర్చేశాను, పిల్లలు కాలేజీకి వచ్చారు. అయినా వస్తువు కొనేముందు ఆ రాత్రి గుర్తొస్తుంది. మీ తరం పిల్లలు రివ్యూ చూసి బటన్ నొక్కేస్తారు. జీతం వస్తుందిలే అన్న ధీమా లేఆఫ్ నోటీసు వచ్చేదాకే.

ఇక రకాల సంగతి. సింగిల్ పాయింట్ అంటే రైఫిల్‌కి ఒకే చోట తగిలించి మెడకి వేసుకునేది. పొట్టి కార్బైన్‌ని ఈ భుజం నుంచి ఆ భుజానికి చటుక్కున మార్చేవాళ్ళకి, కార్లు ఎక్కి దిగే పోలీసులకి అది పనికొస్తుంది. నీ పొడుగు వేట రైఫిల్‌కి కడితే బ్యారెల్ గొట్టం మోకాళ్ళకి కొట్టుకుంటుంది, వంగితే దాని మూతి మట్టిలో దిగుతుంది. త్రీ పాయింట్‌లో ఒక పట్టీ రైఫిల్ పక్కనుంచి పోతుంది, బోల్ట్, అంటే తూటా ఎక్కించే పిడి, తిప్పడానికి అడ్డం. వాటి మీద డబ్బు పెట్టకు. టూ పాయింట్‌లోనే ఒక కొస లాగితే బిగిసే, వదిలితే సాగే క్విక్ అడ్జస్ట్ రకం ఉంది. సైనికుల తుపాకిలా ఉండే ఏఆర్ రైఫిల్ పట్టుకుని ట్రైనింగ్ క్లాసులకు వెళ్ళేవాళ్ళు కొంటారు. ధర రెట్టింపు. జింక కోసం గంటల తరబడి బ్లైండ్‌లో కూర్చునే నీకు ఎందుకది?

పట్టీ దేనితో చేశారో కూడా చూడాలి. నియోప్రీన్ అనే రబ్బరు మెత్తగా ఉంటుంది, బరువు తెలియనివ్వదు. కాకపోతే సాగే గుణం వల్ల నడుస్తుంటే రైఫిల్ ఎగిరెగిరి పడుతుంది. తోలు అందంగా ఉంటుంది కానీ ఇక్కడి ఎండకీ చెమటకీ నూనె రాసి చూసుకోకపోతే గట్టిపడుతుంది. కొంచెం వెడల్పు పట్టీ, లోపలివైపు రబ్బరు గీతలు ఉన్న నైలాన్ చాలు. పట్టీ కొసలూ స్వివెల్సూ ఒకే కొలతవి కావాలి, 1 అంగుళం గానీ 1.25 గానీ. 1.25 పట్టీని 1 అంగుళం స్వివెల్‌లో దూరిస్తే ముడతపడి ఇరుక్కుంటుంది, మళ్ళీ ఇంకో జత కొనాలి.

స్లింగ్ మోయడానికే కాదు, గురి నిలబెట్టడానికీ పనికొస్తుంది. ఎడమ చేతిని పట్టీకీ రైఫిల్‌కీ మధ్య నుంచి పోనిచ్చి, బయటినుంచి చుట్టి తెచ్చి ముందు స్టాక్ పట్టుకో. మోచేతి పైన పట్టీ బిగుతుగా తగలాలి. కూర్చుని కాల్చేటప్పుడు ఊగడం ఎంత తగ్గుతుందో నీకే తెలుస్తుంది. దీన్ని హేస్టీ స్లింగ్ అంటారు, మామూలు టూ పాయింట్‌తోనే చేయొచ్చు. ఇంకా శ్రద్ధగా నేర్చుకోవాలంటే జబ్బకి లూప్ వేసే పద్ధతి ఉంది. రైఫిల్ కాల్చడం నేర్పే ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ వాళ్ళు .22 రైఫిల్ మీద నేర్పిస్తారు, అక్కడ మిలిటరీ రకం చవక వెబ్ స్లింగే (నేత పట్టీ) సరిపోతుంది. ఒలింపిక్స్‌లో వాడేవేమో అని ఖరీదైనవి చూడకు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నిలబడి కాల్చే పోటీ, అందులో స్లింగే వాడనివ్వరు.

ఒక జాగ్రత్త. చవక ప్లాస్టిక్ స్టాక్ అయితే పట్టీ గట్టిగా లాగినప్పుడు ముందు భాగం వంగి బ్యారెల్‌కి తగులుతుంది, దెబ్బ పక్కకి పోతుంది. హేస్టీ స్లింగ్ వాడాలనుకుంటే రేంజ్‌లో అలా బిగించి కూడా కాల్చి చూసుకో.

పొడుగు సరిచేసుకునేది ఇంట్లో, రైఫిల్ ఖాళీ అని చూసుకున్నాక, వేటకి వేసుకునే జాకెట్టు మీదే. బ్యారెల్ తలకి మరీ పైకి లేస్తే కొమ్మలకి తగులుతుంది, మరీ కిందికి దిగితే స్టాక్ పిక్కలకి కొట్టుకుంటుంది. స్వివెల్ పిన్ను సరిగా లాక్ అయిందో లేదో రెండు చేతులా గట్టిగా గుంజి చూడు. స్టడ్ మర వదులవుతుంటుంది, అదీ బిగించు. ఇనుము ఇనుముకి తగిలి టంగుమంటే జింక మళ్ళీ ఆ ఛాయలకి రాదు, గుడ్డ టేపు చుట్టెయ్. భుజాన రైఫిల్ ఉండగా బూటు లేసు కట్టుకోవడానికి వంగితే మూతి వెనకున్నవాడి వైపు తిరుగుతుంది, అది ఎప్పుడూ మనసులో పెట్టుకో. కంచె దాటేటప్పుడూ, నిచ్చెన ఎక్కేటప్పుడూ స్లింగ్ ఉంది కదా అని భుజానికి వేసుకుని ఎక్కొద్దు. తూటాలు తీసేసి, పైకెక్కాక తాడుతో లాక్కో.

కొనేముందు రైఫిల్ అడుగుభాగం కనబడేలా రెండు ఫోటోలు తీసి పంపు, స్టడ్లో సాకెట్లో చూసి చెబుతాను. స్టడ్లే అయితే నా దగ్గర వాడని 1 అంగుళం స్వివెల్స్ జత ఒకటి ఉంది. అడ్రస్ ఇస్తే పోస్టులో పడేస్తాను, ఆ 15 డాలర్లు కూడా నీకు మిగులుతాయి.