లాంబ్డా చేరిక కన్నా దాని బయటపడటమే చూడవలసినది

వైరస్ తన డీఎన్ఏను బ్యాక్టీరియా క్రోమోజోమ్‌లో ఎలా కలుపుతుంది, ఎక్కడ పడితే అక్కడ దూరుతుందా అని అడిగారు. ఎం.ఎస్సీ. పరీక్షలో ఈ ప్రశ్నకు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను గాని, నాకది నిజంగా అర్థమైనది ప్రయోగశాలలో షేకర్ పక్కన నిలబడిన ఒక మధ్యాహ్నం.

బ్యాక్టీరియాకు సోకే లాంబ్డా అనే వైరస్‌ను తరతరాలుగా తనలో మోస్తున్న ఈ.కోలై బ్యాక్టీరియా (కె-12 అనే రకం) కల్చర్‌ను పెట్రీ పళ్లెంలో పలుచగా పోసి, అతినీలలోహిత దీపం కింద కొన్ని సెకన్లు ఉంచి, రేకు చుట్టిన ఫ్లాస్కులోకి మార్చి 37 డిగ్రీల దగ్గర పెట్టాము. రేకు ఎందుకంటే, వెలుతురు తగిలితే బ్యాక్టీరియా తన డీఎన్ఏ గాయాలను మాన్పుకుంటుంది; ఆత్రం ఆగక నేను మాటిమాటికీ రేకు విప్పి చూస్తూ చీవాట్లు తిన్నాను. బియ్యం కడిగిన నీళ్లలా మసకగా ఉన్న ఆ ద్రవం గంట దాటాక తేటపడటం మొదలుపెట్టి, చివరికి అడుగున దారపు పోగుల్లాంటి శిథిలాలు మాత్రమే మిగిలాయి: లోపలి వైరస్ మేల్కొని, కణాలను పగలగొట్టుకుని బయటపడింది.

అంతకాలం ఆ వైరస్ దాగి ఉన్నది ఎక్కడో కాదు, 46 లక్షల డీఎన్ఏ అక్షరాల జంటలున్న బ్యాక్టీరియా క్రోమోజోమ్‌లో గెలాక్టోజ్, బయోటిన్ జన్యువుల నడుమ ఉన్న ఒక నిర్ణీత స్థానంలో. కణంలోకి రాగానే 48,502 జంటల సరళ డీఎన్ఏ, కొసల్లో ఒంటిపేటగా ఉన్న 12 అక్షరాలు ఒకదానితో ఒకటి జతపడటంతో వలయమవుతుంది. ఆ వలయంలోనూ, బ్యాక్టీరియా స్థానంలోనూ 15 అక్షరాల వరుస అచ్చం ఒకేలా ఉంటుంది కనుక, బ్యాక్టీరియా సొంత ప్రొటీనైన ఐహెచ్ఎఫ్ డీఎన్ఏను వంచి పట్టుకోగా, వైరస్ జన్యువు నుంచి తయారైన ఇంటిగ్రేజ్ అనే ఎంజైము రెండింటినీ అక్కడే కోసి, కొసలు మార్చి అతికిస్తుంది. అలన్ క్యాంప్‌బెల్ అనే శాస్త్రవేత్త 1962లోనే ఈ వలయపు ఊహ చెప్పారు. మ్యూ అనే మరో వైరస్ మాత్రం దాదాపు ఎక్కడైనా దూరుతుంది.

మన పాఠ్యపుస్తకాలు ఇంతటితో ఆపేసి, బయటికి రావడాన్ని ఒక బాణం గుర్తుతో సరిపెట్టడమే నాకు మింగుడుపడదు. లోపలున్నంతకాలం వైరస్ జన్యువులను నొక్కి ఉంచేది సీఐ అనే ప్రొటీన్. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు బ్యాక్టీరియాలోని రెక్ఏ అనే ప్రొటీన్ ప్రేరేపించగా సీఐ తనను తానే తెంచుకుంటుంది. అప్పుడు ఎక్సిషనేజ్ అనే మరో వైరస్ ప్రొటీన్ తోడై, ఇంటిగ్రేజే అతుకును విప్పుతుంది. ఎప్పుడైనా ఆ కోత పక్కకు జరిగితే, వైరస్ గెలాక్టోజ్ జన్యువును కూడా వెంటబెట్టుకుని పోయి, తన సొంత జన్యువులు కొన్నింటిని వెనకే వదిలేస్తుంది.