పెరటి ప్రశ్నలు: మాత్ ఆర్కిడ్ కుండీలో ఏం నింపాలి?

ప్రశ్న: పూలతో ఉన్న మాత్ ఆర్కిడ్ కొన్నాను. పూలు రాలాక పెద్ద కుండీలోకి మార్చి ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొద్దిగా ఇసుక కలిపి పోశాను. రోజూ నీళ్ళు పోస్తున్నా ఆకులు ముడతలు పడి వేలాడుతున్నాయి. ఎరువు తక్కువైందా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఎరువు సంగతి కాదండీ, వేర్లకు ఊపిరాడటం లేదు. ఫెలనాప్సిస్ అని పిలిచే ఈ మొక్క ఆగ్నేయాసియా అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని, వేర్లను గాల్లోకి వదిలి బతుకుతుంది. వేరు చుట్టూ స్పాంజి లాంటి తొడుగు ఉంటుంది. తడవగానే అది నీళ్ళు పీల్చి ఆకుపచ్చగా మారుతుంది, ఆరగానే మళ్ళీ వెండి రంగుకు తిరుగుతుంది. చెలక మట్టి తడిస్తే సందులన్నీ మూసుకుపోతాయి. తొడుగు రోజుల తరబడి నాని కుళ్ళుతుంది. వేరు కుళ్ళాక ఎన్ని నీళ్ళు పోసినా ఆకుకు చేరవు కాబట్టి, కుండీ తడిగానే ఉన్నా ఆకులు ఎండలో వాడినట్టు కనిపిస్తాయి. దాహం అనుకుని ఇంకో చెంబు పోస్తాం. అసలు దెబ్బ అక్కడే పడుతుంది.

ఆలస్యం చేయకుండా మట్టిలోంచి తీసేయండి. వేర్లను కడిగి ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కి చూడండి. గట్టిగా తగిలితే, రంగు ఏదైనా సరే, ఆ వేరు బతికున్నట్టే. మెత్తగా నొక్కుకుపోయి, లాగితే తొడుగు ఊడొచ్చి లోపల సన్నటి దారం మిగిలితే అది చచ్చినట్టు. కత్తెరను మంట మీద కాల్చి, చల్లార్చి, చచ్చినవాటిని తీసేయండి. ఇంకో మొక్క ముట్టుకునే ముందు మళ్ళీ కాల్చాలి, వైరస్ కత్తెర ద్వారా అంటుకుంటుంది. కోసిన చోట మాత్రమే చిటికెడు దాల్చినచెక్క పొడి అద్దండి. వేరంతా పూస్తే మంచి వేరు కూడా ఎండిపోతుంది. రాత్రంతా నీడలో ఆరనిచ్చి మర్నాడు, కింది జవాబులో చెప్పిన మిశ్రమంలో నాటండి. మంచి వేర్లు మూడో నాలుగో మిగిలితే నాలుగంగుళాల కుండీ చాలు, పెద్దదైతే మధ్యలో తడి ఆరదు. నెల రోజుల వరకూ ఎరువు జోలికి పోకండి. ముడతలు పడ్డ పాత ఆకులు మళ్ళీ నున్నగా కావు, వాటిని చూసి బెంగ పడొద్దు. కొత్త వేరు మొన కనిపిస్తే మొక్క నిలబడ్డట్టే.

ప్రశ్న: బార్క్ (చెట్టు బెరడు ముక్కలు) అని ఒకరు, బొగ్గు అని ఒకరు, మాస్ (ఎండు నాచు) అని ఒకరు చెబుతున్నారు. మా ఎండలకూ వానలకూ ఏది నప్పుతుంది? పాళ్ళు కూడా చెప్పగలరు.
– కరీంనగర్

జవాబు: ఎవరి ఊరి గాలికి వాళ్ళ మిశ్రమం కుదురుతుంది. కేరళలో బొగ్గు, పెంకు ముక్కలతోనే ఆర్కిడ్లు పెంచేవాళ్ళున్నారు, అక్కడి గాలిలోనే తడి ఉంటుంది. మన దగ్గర మే నెలలో 42, 44 డిగ్రీల వడగాలికి అలాంటి కుండీ మధ్యాహ్నానికే ఒట్టిపోతుంది. పోనీ అని నిండా మాస్ కూరితే ఆగస్టు ముసురులో వారమైనా ఆరదు. అందుకని ఉత్తర తెలంగాణకు మేం చెప్పే పాళ్ళు ఇవి: మొత్తం పది భాగాల్లో పైన్ బార్క్ ఐదు, కట్టె బొగ్గు రెండు, ఎండు కొబ్బరి డొక్క ముక్కలు రెండు, స్ఫాగ్నమ్ మాస్ ఒకటి. ఐదంగుళాల కుండీకి లీటరు పైచిలుకు మిశ్రమం పడుతుంది. అంటే బార్క్ అర లీటరు డబ్బాతో ఒకటి, బొగ్గూ కొబ్బరీ చెరో 200 మిల్లీలీటర్లు, మాస్ ఒక గుప్పెడు.

పాళ్ళ కంటే ముక్క సైజు ముఖ్యం. శనగ గింజకు తగ్గకుండా, రేగుపండుకు మించకుండా ఉండాలి. సంచి అడుగున ఉండే పొడి మీ శత్రువు. అది నీళ్ళతో కిందికి దిగి, కుండీ అడుగున బురదై కూర్చుంటుంది. జల్లెడ పట్టి పొడిని తులసి కుండీలో వేసేయండి. బార్క్‌ను ఒక రోజంతా నానబెట్టాలి. ఎండు బార్క్ నీటిని తోసేస్తుంది. నానబెట్టకుండా నింపితే పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి జారిపోతాయి, మొదటి నెలంతా మొక్క దాహంతో ఉంటుంది. మాస్‌ను తడిపి, పిండి, వేళ్ళతో విడదీసి కలపండి, గట్టిగా ఉండ కట్టొద్దు.

కుండీ పారదర్శక ప్లాస్టిక్‌దైతే వేరు రంగు బయటికే కనిపిస్తుంది: వెండి రంగైతే నీళ్ళు పోయాలి, ఆకుపచ్చగా ఉంటే ఆగాలి. నింపాక ఒక చెంబు నీళ్ళు పోసి చూడండి. కొద్ది సెకన్లలో కింద ధార కట్టాలి. పైన మడుగు నిలిచిందంటే పొడి మిగిలిపోయిందని అర్థం, మళ్ళీ జల్లెడ పట్టాల్సిందే.

నీళ్ళు పోయకుండా చెయ్యి ఆగని ఇంట్లో మాస్ మానేసి ఆ భాగం బొగ్గుకు ఇవ్వండి. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేవాళ్ళు మాస్‌ను రెండు భాగాలకు పెంచి, బొగ్గు ఒకటికి తగ్గించండి. కూలర్ ఉన్న గదిలో పెడితే గాలికి తడి అందుతుంది, కానీ కూలర్ గాలి నేరుగా తగిలే చోట వద్దు.

ప్రశ్న: మాది సింగరేణి ఊరు, బొగ్గుకు కొదవ లేదు. దాన్నే చిన్న ముక్కలు కొట్టి వేయొచ్చా?
– మంచిర్యాల

జవాబు: వద్దండీ. అది రాక్షసి బొగ్గు, మేం చెప్పేది కట్టె బొగ్గు. పేరు ఒకటే గానీ గుణం వేరు. గని బొగ్గులో గంధకం, బూడిద ఉంటాయి, కట్టె బొగ్గుకు ఉండే సన్నటి రంధ్రాలు దానికి ఉండవు. ఇస్త్రీ బండి వాళ్ళు వాడే కట్టె బొగ్గు తెచ్చి, సుత్తితో ముక్కలు చేసి, నల్లనీళ్ళు రావడం ఆగేదాకా కడగండి. సగం కాలి బూడిదైన ముక్కలు ఏరేయండి, బూడిద క్షారం. బార్బెక్యూ కోసం అచ్చు పోసి అమ్మే బిళ్ళలూ వద్దు, వాటిలో జిగురు కలుపుతారు.

ప్రశ్న: కొబ్బరి బోండాల బండి దగ్గర డొక్కలు ఊరికే ఇస్తారు. ముక్కలు కోసి ఎండబెట్టి వేస్తే వేర్ల మొనలు నల్లబడ్డాయి. ఎందుకు?
– పరకాల

జవాబు: రెండు తప్పులు జరిగాయి. లేత బోండాం డొక్క పచ్చిది, రసం ఎక్కువ. ఎండినట్టే కనిపించి తడి తగలగానే పులిసి బూజు పడుతుంది. ముదిరి గోధుమ రంగు తిరిగిన కాయ డొక్కే కావాలి. రెండోది ఉప్పు. కొబ్బరి పీచులో సోడియం, పొటాషియం లవణాలు సహజంగానే ఉంటాయి, అవే లేత మొనలను కాలుస్తాయి. రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, 24 గంటలు నానబెట్టి ఆ నీళ్ళు పారబోయండి. ఇలా మూడు సార్లు చేయాలి. మొదటి నీళ్ళు డికాషన్‌లా దిగుతాయి, మూడోసారికి లేత టీ రంగుకు వస్తాయి. రంగు పోయినంత మాత్రాన ఉప్పు పోయినట్టు కాదు సుమా. టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన ఉప్పులను కొలిచేది) ఉంటే, నానబెట్టిన నీళ్ళ రీడింగ్ మీరు పోసిన నీళ్ళ రీడింగ్‌కు దగ్గరికి వచ్చేదాకా కడగండి. చివరి నానబెట్టడంలో లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి రాత్రంతా ఉంచి కడిగేస్తే మిగిలిన సోడియం కూడా వదులుతుంది.

ప్రశ్న: పైన్ బార్క్ ఖరీదు ఎక్కువ. కట్టె కోత మిషన్ దగ్గర వేప, తుమ్మ బెరడు దొరుకుతుంది. సరిపోదా?
– జనగామ

జవాబు: సరిపోదు. పైన్ బెరడులో బంక ఉండటం వల్ల మెల్లగా కుళ్ళుతుంది, దాదాపు రెండేళ్ళు వస్తుంది. మన చెట్ల బెరడు ఒక వానకాలానికే చివికి పొడైపోతుంది. తుమ్మ బెరడుతో తోళ్ళు ఊనతారు (పదును చేస్తారు), అందులో ఉండే అంత టానిన్ (వగరు పదార్థం) వేర్లకు పనికిరాదు.

ప్రశ్న: మా బోరు నీళ్ళు పోస్తే కుండీ అంచున, బార్క్ మీద తెల్లటి పొర కడుతోంది. మిశ్రమం మార్చాలా?
– కాజీపేట

జవాబు: ముందు నీళ్ళు మార్చండి. ఆ పొర నీటిలోని సున్నం, ఉప్పులు. బొగ్గు కుళ్ళదు గానీ ఈ ఉప్పులను పట్టి ఉంచుకుంటుంది, అందుకే మిశ్రమం మార్చినప్పుడు పాత బొగ్గును మళ్ళీ వాడకూడదు. టీడీఎస్ 200 లోపు ఉంటే దిగులు లేదు, 500 దాటితే వేర్ల మొనలు మాడతాయి. వాన నీళ్ళు పట్టి పెట్టుకోవడం అన్నిటికన్నా మేలు, ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా పనికొస్తాయి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్ళు మాత్రం పోయకండి, ఉప్పులన్నీ వాటిలోనే ఉంటాయి. నెలకోసారి లీటరు కుండీకి మూడు నాలుగు లీటర్ల మంచి నీళ్ళు నెమ్మదిగా ధారగా పోసి కడగండి. ఎరువు వేసేటప్పుడూ జాగ్రత్త: దుకాణంలో దొరికే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే ఎరువు) లీటరు నీళ్ళకు అర గ్రాము, వారానికోసారి, అదీ తడిసిన వేర్ల మీదే. పొలంలో పిచికారీ చేసే మోతాదు పోస్తే మర్నాటికే మొనలు గోధుమ రంగుకు తిరుగుతాయి.

ప్రశ్న: పూలు మార్చి నెలాఖరుకు రాలాయి. కుండీ వెంటనే మార్చాలా? మొదలు దగ్గర గట్టి మాస్ ఉండ ఒకటి కనిపిస్తోంది, ఉంచాలా?
– హుజూరాబాద్

జవాబు: పూలు రాలగానే మార్చమని చెబుతుంటారు. మన ఎండల్లో ఆ మాట పట్టుకుంటే ఏప్రిల్, మే నెలల్లో గాయపడ్డ వేర్లతో మొక్క వడగాలికి నిలవాలి. మిశ్రమం బాగానే ఉంటే వానలు దిగి ఎండ తగ్గేదాకా, అంటే జూన్ ఆఖరు దాకా ఆగండి. అప్పటికి కొత్త వేర్లు పచ్చటి మొనలతో పొడుచుకొస్తుంటాయి కూడా. బార్క్ వేలితో నొక్కితే పిండి అవుతున్నా, కుళ్ళు వాసన వస్తున్నా మాత్రం ఎండాకాలమని చూడకుండా మార్చేయండి.

మాస్ ఉండను తీసేయాల్సిందే. నర్సరీలో మొక్క పిల్లగా ఉన్నప్పుడు పెట్టింది అది. చుట్టూ బార్క్ ఆరిపోయినా మొదలు దగ్గర ఆ ఉండ తడిగానే ఉండి, అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది. అరగంట నీళ్ళలో నానబెట్టి, పుల్లతో కొంచెం కొంచెంగా విడదీయండి. వేరుకు గట్టిగా అతుక్కున్న పోగులు ఉంటే వదిలేయండి, లాగితే తొడుగు చీలుతుంది.