‘యూ టర్న్’ చూసినవాళ్లలో సగం మంది బాగుందనీ, సగం మంది రెండో సగం పాడైందనీ ఎందుకంటారు?

2018లో సమంత చేసిన తెలుగు ‘యూ టర్న్’ గురించే కదా మీరు అడిగింది. పవన్ కుమార్ 2016లో కన్నడలో తీసిన తన సినిమానే మళ్లీ తీశాడు.

మొదటి సగం మీద పెద్దగా గొడవ లేదు. ట్రైనీ జర్నలిస్టు రచన ఫ్లైఓవర్ మీద డివైడర్ రాళ్లు జరిపి అడ్డంగా తిరిగే బండ్ల మీద స్టోరీ రాస్తుంటుంది. ఆ బండ్ల నంబర్లు రాసిపెట్టే మనిషి దగ్గర చిట్టీ తీసుకుని ఒకతని ఇంటికెళ్తుంది, తలుపు తియ్యరు. సాయంత్రానికి పోలీసులు ఆమెనే పట్టుకెళ్తారు, అతను చనిపోయాడు కాబట్టి. చిట్టీలో మిగతా నంబర్లు ఒక్కొక్కటే వెతుకుతుంటే వచ్చే భయం, నాకైతే ఇప్పటికీ గుర్తే.

తేడా వచ్చేది అక్కడి నుంచే. హంతకుడెవరో ఆధారాలతో తేలుతుందని కూర్చున్నవాళ్లకి కథ దెయ్యం వైపు మళ్లడం మోసంలా అనిపిస్తుంది. హారర్ ఇష్టపడేవాళ్లకి మాత్రం లాకప్ సీను ఒక్కటి చాలు. కన్నడది ముందే చూసినవాళ్లకి మలుపులు తెలిసిపోయి ఉంటాయి, వాళ్ల అసంతృప్తి వేరే.

నా మటుకు దెయ్యం అడ్డు కాలేదు. ఎవరో తొందరలో జరిపి అక్కడే వదిలేసిన రాయి ఇంకొకరి ప్రాణం తీస్తుందన్నదే అసలు కథ. దాన్ని చివరిదాకా వదల్లేదు. భూమిక పాత్ర బరువంతా అక్కడే ఉంది, అంతకుమించి చెబితే చూడనివాళ్లకి అన్యాయం.